మూడు రాళ్లు, ఒక వెనిగర్ సీసా

ఆదివారం చేపల తొట్టి కొన్నాం. షాపువాడు ఆరు నియాన్ టెట్రాలతో పాటు కిలో తెల్లరాళ్లు కూడా అంటగట్టాడు. "ఏం గాదు సార్, అందరూ ఇవే తీస్కపోతరు" అన్నాడు. ఇంటికొచ్చాక బావమరిది ఫోన్లో బాంబు పేల్చాడు. అవి పాలరాతి ముక్కలట, నీళ్లలో కొద్దికొద్దిగా కరిగి పీహెచ్, అంటే నీళ్ల క్షారగుణం, పెంచుతాయట, ఆ చేపలకది పడదట. "అసలే మీది బోరు నీళ్లు బావా. గ్రానైట్ వెయ్యి. ముందు వెనిగర్ చుక్క పోసి చూడు, నురగొస్తే అందులో సున్నం ఉన్నట్టే, పారెయ్."

హైదరాబాదులో గ్రానైట్‌కి కరువా! వీధి చివర బండలు పగలగొట్టి అపార్ట్‌మెంట్ కడుతున్నారు. మూడు రాళ్లు తెచ్చి, తోమి, ఒకదాన్ని హాల్లో నేలమీద పెట్టి వెనిగర్ పోశాను.

రాయి ఉలకలేదు, పలకలేదు. వెనిగర్ జారి కిందికి దిగింది. అప్పుడు రాయి చుట్టూ సన్నగా బుడగలు, చెవి దగ్గర పెడితే సుయ్‌మంటూ.

"ఫెయిల్!" అన్నాను. రెండో రాయి పెట్టాను, కాస్త జరిపి. ఫెయిల్. మూడోది ఇంకాస్త జరిపి. అదీ ఫెయిల్. గోల్కొండ కోటను మోస్తున్న రాయి ఇది, వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. దాన్ని నేను నిక్కరు వేసుకుని, నూడుల్స్‌లో పోసే వెనిగర్‌తో శంకిస్తున్నాను. వీడియో కాల్లో బావమరిది "రాయి మీద రావట్లేదు బావా, కిందే వస్తోంది" అన్నాడు. "లోపలి సున్నం కిందికి దిగుతోందిరా" అని వాడికి భూగర్భశాస్త్రం చెప్పాను. వాడు నమ్మాడు కూడా. ఇంజనీరు మరి.

మా ఆవిడ వచ్చి రాయి పక్కకు తీసింది. రాయి లేకుండానే నేల నురగలు కక్కుతోంది.

నేల పాలరాయి. తెల్లటి, నిగనిగలాడే, ఓనరుగారి పాలరాయి.

తుడిస్తే మూడు మచ్చలు తేలాయి, మెరుపు చచ్చి, వేలితో రాస్తే గరుగ్గా. మరక అయితే పోయేది, ఇక్కడ రాయే కరిగిపోయింది. గోడకు మేకు కొడితే అడ్వాన్సులో కోత అని అగ్రిమెంటులో రాసుకున్న మనిషి ఆయన. వంటింటి కొళాయి కారుతోందని నాలుగు నెలలుగా ఫోన్ చేస్తుంటే "ఊళ్లో లేనండీ" అంటారు. అలాంటిది ఆ సాయంత్రమే బెల్లు కొట్టారు. అద్దెకి ఇంకా మూడు రోజుల టైముంది!

గబగబా చాప పరిచాం. ఆయన చెప్పులు విప్పి, హాలు మధ్యకొచ్చి ఆగారు.

"సోఫా ఉండగా ఈ చాప ఎందుకండీ?"

"చేపల కోసమండీ" అంది మా ఆవిడ.