గల్ఫ్ యూనియన్ వస్తే మనకేంటి?

సౌదీ, యూఏఈ, కువైట్, ఖతార్, బహ్రెయిన్, ఒమన్ కలిసి గల్ఫ్ సహకార మండలి పెట్టుకున్నది 1981లో. భాష ఒకటే, మతం ఒకటే, పాలించేవి రాజకుటుంబాలే, ఆదాయం ఎక్కువగా చమురు, గ్యాస్ నుంచే. ఇంత దగ్గరి పోలికలున్న ఇరుగుపొరుగు దేశాలు అరుదు. అయినా అన్నీ కలిసి ఒక్కటవుదామనే మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు వెనక్కి తగ్గుతున్నారు.

ఉమ్మడి కరెన్సీ 2010కల్లా రావాలన్నారు. 2006లో ఒమన్ మాకొద్దంది. 2009లో ఉమ్మడి సెంట్రల్ బ్యాంకు సౌదీ రాజధాని రియాద్‌లో అనగానే యూఏఈ తప్పుకుంది. 2011లో సౌదీ రాజు అబ్దుల్లా సహకారం దాటి యూనియన్‌గా మారదామని పిలుపునిస్తే, రెండేళ్లకు ఒమన్ బాహాటంగానే కాదంది. చిన్న దేశాల భయం అర్థం చేసుకోదగ్గదే. కలిస్తే పెత్తనం ఎవరిదో అందరికీ తెలుసు.

2017 జూన్‌లో అయితే సౌదీ, యూఏఈ, బహ్రెయిన్ ఖతార్‌తో తెగతెంపులే చేసుకున్నాయి. ఖతార్‌కున్న ఒకే ఒక్క భూసరిహద్దు మూసేశారు. పాల కోసం ఆ దేశం ఆవుల్ని విమానాల్లో తెప్పించుకుంది. 2021 జనవరిలో సౌదీలోని అల్ ఉలాలో రాజీ కుదిరేదాకా ఇదే తంతు. కానీ ఆ మూడున్నరేళ్లూ ఖతార్ గ్యాస్ డాల్ఫిన్ పైపులైన్‌లో యూఏఈకి వస్తూనే ఉంది, రోజుకు దాదాపు 200 కోట్ల ఘనపుటడుగులు. వాల్వు ఎవరూ కట్టేయలేదు. కట్టేస్తే ఇటు ఏసీలు ఆగుతాయి, అటు డబ్బు ఆగుతుంది. అందుకే నా నమ్మకం: గల్ఫ్‌లో నిలిచే ఐక్యత పైపులది, కరెంటు గ్రిడ్‌ది, ఇంకా వాయిదాల్లోనే ఉన్న రైలుమార్గానిది. ఒకే జెండా మన పిల్లల కాలంలోనూ కష్టమే.

ఇక గల్ఫ్‌కు పనికొచ్చిన మన సంగతి. 2008 నుంచి ఉమ్మడి మార్కెట్ ఉంది, ఈ ఆరు దేశాల పౌరులకు. వాళ్లు గుర్తింపు కార్డుతో సరిహద్దు దాటతారు. పక్క దేశంలో ఉద్యోగం చేసినా సొంత దేశపు పెన్షన్ కొనసాగుతుంది. దుబాయ్‌లో పదేళ్లు పనిచేసిన జగిత్యాల మేస్త్రీ కువైట్ వెళ్లాలంటే మాత్రం వీసా క్యాన్సిల్, మళ్లీ ఏజెంటు, మళ్లీ మెడికల్, కొత్త అకామా (నివాస అనుమతి). ఖతార్, యూఏఈల్లో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది విదేశీయులే. పనిచేసేవాళ్లను బయటపెట్టి నడిపేది ఏం మార్కెట్టు?

చేతకాక కాదు. ఊళ్లో బయల్దేరే ముందు చేయించుకునే మెడికల్‌కు గల్ఫ్ దేశాలన్నిటికీ ఉమ్మడి ఏర్పాటు ఎప్పుడో ఉంది. వడపోతలో కలిసినవాళ్లు అనుభవాన్ని గుర్తించడంలో ఎందుకు కలవరు? ఆరు దేశాలకూ ఒకే టూరిస్ట్ వీసాకు 2023లో ఒప్పుకున్నారు కూడా. వారం రోజులు షాపింగ్ చేసి పోయేవాడికి దక్కే సౌకర్యం, ఇక్కడి భవనాలు కట్టినవాడికి దక్కకూడదా?

ఒక దేశంలో సక్రమంగా పనిచేసిన రికార్డు మిగతా ఐదింట్లోనూ చెల్లాలి, వీసా మార్చుకోవడానికి ఇంటికి వెళ్లి రానక్కర్లేకుండా ఉండాలి. మన సంఘాలు ఎంబసీ ఓపెన్ హౌస్‌లకు (కష్టాలు చెప్పుకునే సమావేశాలకు) వెళ్లినప్పుడు శవాల తరలింపు, జీతాల బకాయిలతో పాటు ఈ రెండూ కూడా అడగాలి, అన్ని దేశాల్లోని సంఘాలూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి.