ర్యామ్ ఇంత పిరం ఎందుకైంది? వేఫర్లు ఎటు పోతున్నాయి?

2025 డిసెంబరు 1న, అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డులు అమ్మే రాస్‌బెర్రీ పై తన బోర్డుల ధరలు పెంచింది. 16 జీబీ మెమరీ ఉన్న పై 5 బోర్డు 120 డాలర్ల నుంచి 145 డాలర్లయింది. అదే ప్రాసెసర్, అవే పోర్టులు. పెరిగింది మెమరీ చిప్ (ర్యామ్) ఖరీదు. ఆ చిప్‌లను వేఫర్లు అనే గుండ్రటి సిలికాన్ పలకల మీద తయారుచేస్తారు. రెండు రోజులకే అమెరికా మెమరీ కంపెనీ మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండును రిటైల్ మార్కెట్ నుంచి తప్పిస్తున్నట్లు ప్రకటించింది. 29 ఏళ్లుగా కంప్యూటర్ షాపుల్లో నలిగిన పేరది. గిరాకీ లేక మూసేయలేదు. అదే సరుకుకు ఎక్కువ ధర పెట్టి, ఏడాదికి సరిపడా ఒకేసారి కొనే డేటా సెంటర్లు దొరికాయి.

చిప్ పరిశ్రమ మీద వచ్చే వార్తల్లో ఈ సంగతి కనిపించదు. అక్కడ మొత్తం అమ్మకాల లెక్కే ఉంటుంది. 2023లో ప్రపంచ సెమీకండక్టర్ అమ్మకాలు సుమారు 52,700 కోట్ల డాలర్లు, 2024లో సుమారు 62,800 కోట్లు, అంటే 19 శాతం పెరుగుదల. చూడ్డానికి బాగానే ఉంది. కానీ అదే 2024లో కార్లకు, ఫ్యాక్టరీ యంత్రాలకు చిప్‌లు అమ్మే కంపెనీలు గోదాముల్లో పేరుకుపోయిన సరుకు వదిలించుకోలేక తంటాలు పడ్డాయి. మొత్తాన్ని పైకి లాగినవాటిలో ముఖ్యమైంది మెమరీ. దాని అమ్మకాలు ఆ ఏడాది దాదాపు 79 శాతం పెరిగాయి. అంతకుముందు ఏడాది దాదాపు 29 శాతం పడిపోయాయి కాబట్టి గుంతలోంచి ఎక్కడం కూడా అందులో కలిసే ఉంది. పైగా ఈ లెక్కంతా డాలర్లలో. ఎన్ని చిప్‌లు తయారయ్యాయో అది చెప్పదు. ఇప్పటి పెరుగుదలలో సరుకు వాటా కంటే ధర వాటాను ముందు చూడాలన్నది నా వాదన.

ధర ఇలా పెరగడానికి కారణం హెచ్‌బీఎం. ఏఐ ప్రాసెసర్‌కు ఆనుకుని కూర్చునే మెమరీ ఇది. మామూలు డీర్యామ్ (కంప్యూటర్లలో వాడే ర్యామ్) చిప్‌లను అంతస్తులుగా పేర్చి, వాటిలోంచి నిలువునా సన్నటి రంధ్రాలు చేసి, రాగితో నింపి కలుపుతారు. హెచ్‌బీఎం3ఈలో 8 లేదా 12 అంతస్తులుంటాయి. 12 పేర్చినా ఎత్తు 8 అంతస్తుల దాన్ని మించకూడదు కాబట్టి ఒక్కో చిప్‌ను 40 శాతం మేర పలచగా అరగదీయాలి. అంత పలచని సిలికాన్ వేడి తగిలితే అప్పడంలా వంకర తిరుగుతుంది. దక్షిణ కొరియా మెమరీ కంపెనీ ఎస్‌కే హైనిక్స్ అంతస్తుల మధ్య ఖాళీల్లోకి ద్రవరూపంలో ఉన్న మోల్డింగ్ పదార్థాన్ని ఒకేసారి పంపి గట్టిపడేలా చేస్తుంది. శాంసంగ్ ఒక్కో అంతస్తుకు పలచని ఫిల్మ్ వేసి, వేడితో నొక్కుకుంటూ వెళ్లే పద్ధతి పట్టుకుంది.

ఇక్కడ చిన్న గుణకారం చేసి చూడండి. ఒక్కో అంతస్తు అతుకు 99 శాతం సరిగ్గా కుదిరిందనుకుందాం. 12 అతుకులూ కుదిరే అవకాశం 0.99ను 12 సార్లు గుణిస్తే వచ్చేది: దాదాపు 89 శాతం. 98 శాతమే కుదిరితే 78కి పడిపోతుంది. చిన్న లోపాలను సర్దుకోవడానికి అదనపు రంధ్రాలు పెడతారు, నిజమే. అవి కూడా ఆదుకోలేని చోట, మధ్యలో ఒక్క అతుకు చెడినా మిగతా 11 మంచి చిప్‌లు దానితోపాటే చెత్తలోకి పోతాయి. రంధ్రాలకు చోటివ్వాలి కాబట్టి చిప్ వైశాల్యమూ ఎక్కువే. ఇవన్నీ కలిసి, అన్నే జీబీల డీడీఆర్5 (ఇప్పటి కంప్యూటర్లలోని మామూలు ర్యామ్ రకం)కు పట్టే వేఫర్లకు సుమారు మూడింతలు హెచ్‌బీఎం3ఈ మింగుతుందని మైక్రాన్ చెబుతోంది.

ఈ మూడింతలను ఎన్విడియా ఏఐ ప్రాసెసర్ (జీపీయూ) బీ300కు వర్తింపజేద్దాం. దానికి 288 జీబీ హెచ్‌బీఎం ఉంటుంది. మూడుతో గుణిస్తే 864 జీబీ డీడీఆర్5కు సమానం, అంటే 16 జీబీ ల్యాప్‌టాప్‌లు 54. సర్వర్లను పేర్చే ఒక ర్యాక్‌లో ఇలాంటి జీపీయూలు 72. ఒక్క ర్యాక్ పూర్తయ్యేసరికి 3,888 ల్యాప్‌టాప్‌ల మెమరీకి పట్టే వేఫర్లు ఖర్చయినట్టే. 2025 అక్టోబరులో శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్‌లతో స్టార్‌గేట్ అనే డేటా సెంటర్ల ప్రాజెక్టుకు కుదిరిన ఒప్పందంలో చాట్‌జీపీటీ సంస్థ ఓపెన్‌ఏఐ ప్రస్తావించిన లక్ష్యం నెలకు 9 లక్షల వేఫర్లు. అంత నిజంగా కొంటారా అన్నది వేరే ప్రశ్న. ఆ అంకె వినగానే మిగతా కొనుగోలుదారులు ఆర్డర్లు ముందుకు జరుపుకున్నారు, ధర మీద దాని పని అది చేసేసింది.

మరి ఫ్యాక్టరీలు ఎందుకు పెంచలేదు? 2023లో ఈ కంపెనీల చేతులు కాలాయి కాబట్టి. ఆ ఏడాది ఎస్‌కే హైనిక్స్ నిర్వహణ నష్టం 7.73 లక్షల కోట్ల వాన్లు. ఉత్పత్తి తగ్గించారు, యంత్రాల కొనుగోళ్లు వాయిదా వేశారు. మరుసటి ఏడాదే అదే కంపెనీకి 23.47 లక్షల కోట్ల వాన్ల నిర్వహణ లాభం వచ్చింది. మదనపల్లె టమాటా మార్కెట్ ఎరిగినవారికి ఈ తీరు కొత్తేమీ కాదు. ధర లేనప్పుడు వేయడం మానేస్తారు, మండినప్పుడు అందరూ ఒకేసారి వేస్తారు. కాకపోతే టమాటా మూడు నెలల్లో చేతికొస్తుంది. ఫ్యాబ్‌కు (చిప్‌ల ఫ్యాక్టరీకి) భవనం, దుమ్ము చొరబడని క్లీన్‌రూమ్, యంత్రాలు అన్నీ అమరడానికి రెండు మూడేళ్లు. ఆపైన వేఫర్ లోపలికి వెళ్లి చిప్‌గా బయటికి రావడానికి మరికొన్ని నెలలు. మైక్రాన్ ఐడహో ఫ్యాబ్ తొలి వేఫర్లకు గడువు 2027, శాంసంగ్ ప్యాంగ్‌టెక్ పీ5కు 2028. అందుకే 2026లో ధరలు గణనీయంగా దిగుతాయని ఆశించలేం. ఆ ఏడాది ఉత్పత్తి అంతా ముందే అమ్ముడైపోయిందని ఎస్‌కే హైనిక్స్ 2025 అక్టోబరులోనే చెప్పింది.

'ఈసారి ఏఐ ఉంది, ఇక ఎత్తుపల్లాలు ఉండవు' అనే మాట మాత్రం నమ్మదగ్గది కాదు. 2021 కొరతలోనూ అదే విన్నాం. 2022 ద్వితీయార్ధానికి ఏమైందో చూశాం. కొరతలో కొనేవాడు వంద కావాల్సిన చోట ఇద్దరు సరఫరాదారుల దగ్గర చెరో వంద రాయిస్తాడు. అమ్మేవాడు అదంతా అసలు గిరాకీ అనుకుంటాడు. సరుకు దొరకడం మొదలైన రోజు ఒక ఆర్డర్ రద్దవుతుంది. కొత్త ఫ్యాబ్‌లు 2027, 28ల్లో దాదాపు ఒకేసారి వస్తున్నాయి కాబట్టి ఆ రద్దులు అప్పుడే మొదలైతే పతనం నెమ్మదిగా ఉండదు.

మన దేశానికి ఇందులో తగిలేది పాత రకం మెమరీ దగ్గర. రౌటర్లు, సెట్‌టాప్ బాక్సులు, సీసీటీవీ రికార్డర్లలో ఇంకా డీడీఆర్3, డీడీఆర్4లే ఎక్కువ. పెద్ద కంపెనీలు డీడీఆర్4కు స్వస్తి చెబుతున్నామనగానే 2025 మధ్యలో దాని స్పాట్ ధర (రోజువారీ మార్కెట్ ధర) డీడీఆర్5ను దాటింది. కొత్తదానికి మారిపోదామా అంటే అంత తేలిక కాదు. డెస్క్‌టాప్ మాడ్యూళ్లు రెండింటికీ 288 పిన్నులే ఉన్నా గాడి స్థానం వేరు. వోల్టేజి 1.2 నుంచి 1.1కు తగ్గుతుంది. విద్యుత్ నియంత్రణ మదర్‌బోర్డు నుంచి మాడ్యూల్ మీదికే వస్తుంది. అంటే బోర్డు మళ్లీ డిజైన్ చేయాలి, పరీక్షలూ సర్టిఫికెట్లూ మళ్లీ తెచ్చుకోవాలి. చిన్న తయారీదారు ఇప్పుడు చేయదగ్గ పని ఒకే బోర్డు మీద కనీసం ఇద్దరు సరఫరాదారుల చిప్‌లను పరీక్షించి పెట్టుకోవడం. రెట్టింపు ఆర్డర్లు రాయడం కంటే అదే నయం.

'దేశంలోనే ఫ్యాక్టరీలు వస్తున్నాయిగా' అంటారు. గుజరాత్‌లో మైక్రాన్ సానంద్ ప్లాంటు పని బయట తయారైన చిప్‌లను ప్యాకేజీ చేసి పరీక్షించడం. ఆంధ్రప్రదేశ్‌కు 2025 ఆగస్టులో ఆమోదం పొందిన 468 కోట్ల రూపాయల ఏసిప్ యూనిట్‌దీ ప్యాకేజింగే. టాటా ధొలేరా ఫ్యాబ్‌లో వేఫర్లు తయారవుతాయి గానీ, ఆ ఫ్యాబ్ ఉద్దేశించింది 28 నానోమీటర్లు, ఆపై కొలతల (పాత తరం) లాజిక్ చిప్‌లకు, మెమరీకి కాదు. హైదరాబాద్‌లో మైక్రాన్, ఏఎండీ, క్వాల్‌కామ్ ఇంజినీర్లు చేసే డిజైన్ పని విలువైనదే, కానీ దానివల్ల నెలవారీ డీర్యామ్ వేఫర్ల సంఖ్య ఒక్కటి కూడా పెరగదు.

ధర ఎప్పుడు తిరుగుతుందో పసిగట్టాలంటే మొత్తం అమ్మకాల లెక్క పనికిరాదు, అది నెలల తర్వాత వస్తుంది. మెమరీకి రెండు ధరలుంటాయి. పెద్ద కంపెనీలు మూడు నెలలకోసారి మాట్లాడుకునే కాంట్రాక్ట్ ధర ఒకటి, రోజూ మారే స్పాట్ ధర ఇంకొకటి. కొరతలో స్పాట్ పైన ఉంటుంది. అది జారి కాంట్రాక్ట్ ధర కిందికి వచ్చి కొన్ని వారాలు అక్కడే ఉండిపోతే, ఎవరి గోదాములోనో దాచిన సరుకు బయటికొస్తున్నట్టు. ల్యాప్‌టాప్‌నో, చిన్న ఆఫీసుకు సర్వర్‌నో కొనాల్సినవాళ్లు, ఆగగలిగితే, అప్పటిదాకా ఆగొచ్చు.