రమ్‌ని కోక్‌లో ముంచకండి

ఇక్కడ అమెరికాలో మన ఇళ్లలో పార్టీ జరిగినప్పుడు సింగిల్ మాల్ట్ విస్కీ బయటికి తీస్తే అందరూ చుట్టూ చేరతారు. ఎన్నేళ్లది, డ్యూటీ ఫ్రీలో ఎంత పడింది అని ఆరాలు. అందులో కోక్ పోస్తానంటే చెయ్యి పట్టుకుని ఆపేస్తారు. అదే పన్నెండేళ్ల జమైకా రమ్ పెడితే ఎవరూ లేబుల్ కూడా చూడరు, రెండు లీటర్ల కోక్ బాటిల్ కోసం వెతుకుతారు. రమ్ అంటే మనకి హాస్టల్ రోజులు, మిలిటరీ కోటాలో ఎవరి మావయ్యో తెచ్చే ఓల్డ్ మంక్. జలుబు మందు, నెలాఖరు మందు. ఆ చిన్నచూపు కూడా మనతోపాటే విమానం ఎక్కి వచ్చింది.

అమెరికా చట్టం ప్రకారం బర్బన్ విస్కీని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే నిల్వ చెయ్యాలి. ఒకసారి వాడేసిన పీపాలు మళ్లీ బర్బన్‌కి పనికిరావు కాబట్టి వాటిలో చాలా మటుకు స్కాట్లండ్‌కీ, కరీబియన్ దీవులకీ వెళ్తాయి. అంటే మనం మురిసిపోయే స్కాచ్, మనం పట్టించుకోని రమ్ చాలాసార్లు ఒకే రకం పీపాల్లో పాతబడతాయి. తేడా అంతా ఎండలో ఉంది. స్కాట్లండ్ చలిలో పీపా నుంచి ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైతే, జమైకా, బార్బడోస్ వేడికి ఐదారు శాతం పోతుంది. ఆ వేడికి కర్ర రుచి కూడా తొందరగా పడుతుంది. అందుకని ఎనిమిదేళ్ల రమ్‌ని ఎనిమిదేళ్ల స్కాచ్‌తో పోల్చి తక్కువ చెయ్యడం సరికాదు. అన్నేళ్లు ఆగి తయారైన సరుకు మీద కోక్ పోస్తే చివరికి మిగిలేది కోక్ రుచే.

మరి దాన్ని ఏమీ కలపకుండా నీట్‌గా తాగాలా? అక్కర్లేదు. డైకిరీ చెయ్యండి, అంటే రమ్, నిమ్మరసం, చక్కెర కలిపిన కాక్‌టెయిల్. క్యూబాలో సాంటియాగో దగ్గర ఆ పేరుగల చోట, 19వ శతాబ్దం చివర్లో గనుల్లో పనిచేసిన జెన్నింగ్స్ కాక్స్ అనే అమెరికన్ ఇంజనీర్ దీన్ని కనిపెట్టాడంటారు. చెరుకూ నిమ్మకాయలూ పండే దేశంలో అంతకుముందు ఎవరూ ఈ మూడూ కలుపుకుని తాగలేదంటే నేను నమ్మను. రిసార్టుల్లో స్ట్రాబెర్రీ వేసి గ్రైండ్ చేసి ఇచ్చే ఐసు ముద్దని చూసి ఇదే డైకిరీ అనుకోకండి. అసలుది తెల్ల రమ్‌తో చేస్తారు. పాత రమ్‌తో చేస్తే తప్పనేవాళ్లు ఉన్నారు, అననివ్వండి.

రమ్ 60 మి.లీ., అప్పుడే పిండిన నిమ్మరసం 22, చక్కెర నీళ్లు 15. కొలవాల్సిందే. చేతి కొలత పులిహోరకి చెల్లుతుంది కానీ ఇక్కడ చెల్లదు, ఐదు మి.లీ. పులుపు ఎక్కువైనా రమ్ వెనకబడిపోతుంది. చక్కెర నీళ్లంటే తీగ పాకం కాదు. చక్కెర, వేడి నీళ్లు సమానంగా కలిపి, కరిగాక చల్లార్చితే చాలు. కొన్ని రమ్ములకి తయారీలోనే తీపి కలుపుతారు. అందుకే ముందు ఒక చుక్క రుచి చూసి, తియ్యగా ఉంటే 15ని 10 చెయ్యండి. బెల్లం వేద్దామన్న ఉత్సాహం మాత్రం వద్దు. ఏ రమ్ పోసినా బెల్లం రుచే వస్తుంది.

నిమ్మకాయ సంగతి కొంచెం చెప్పాలి. ఇక్కడి షాపుల్లో దొరికే పెద్ద, గింజల్లేని ఆకుపచ్చ లైమ్ పరవాలేదు. మెక్సికన్ షాపుల్లో వల సంచుల్లో అమ్మే చిన్న కీ లైమ్‌లు దొరికితే ఇంకా మంచిది. అవి మన గూడూరు నిమ్మ జాతివే. పిండుతుంటే ఆ వాసనే చెప్పేస్తుంది. పసుపుపచ్చ లెమన్ వద్దు, సీసాలో వచ్చే రసం అసలే వద్దు.

షేకర్ లేకపోతే గట్టి మూత ఉన్న గాజు సీసా చాలు. ఆవకాయ పెట్టినది కాకూడదు. ఐస్ కూడా కొత్తగా తెచ్చిన సంచిలోదైతే మంచిది. చేపల పులుసు డబ్బాల పక్కన నెల రోజులున్న ఐస్‌కి ఆ వాసన పట్టకుండా ఉండదు. సీసా పట్టుకున్న చేతికి జివ్వుమనే దాకా, పది పన్నెండు సెకన్లు గట్టిగా ఊపి, ఫ్రీజర్‌లో పెట్టిన చిన్న గ్లాసులోకి వడకట్టండి. ఐస్ కరిగి చేరిన నీళ్లు కూడా ఇందులో లెక్కే. అవి లేకపోతే గొంతు మండుతుంది.

నేను దీన్ని ఇంతగా వెనకేసుకురావడానికి ఇంకో కారణం లెక్క. రమ్ కోక్‌లో ఎంత పడిందో పోసినవాడికీ తెలీదు, తాగినవాడికీ తెలీదు. సగం అయిన గ్లాసులో మళ్లీ పోస్తూనే ఉంటారు. డైకిరీ అయితే గ్లాసుకి 60 మి.లీ., అంతే. 40 శాతం రమ్‌లో 44 మి.లీ.ని అమెరికాలో ఒక డ్రింకుగా లెక్కిస్తారు కాబట్టి, ఇది ఒకటీ పావు కంటే కాస్త ఎక్కువే. ఆ సంగతి గెస్టులకి ముందే చెప్పండి. కారు నడపాల్సినవాళ్లకి అదే నిమ్మరసం, అవే చక్కెర నీళ్లు, చిటికెడు ఉప్పు, పైన సోడా పోసి అదే గ్లాసులో ఇవ్వండి. ఆ మూల కూర్చుని ఎవరూ నీళ్ల బాటిల్ పట్టుకోవాల్సిన పని ఉండదు.

ఎంత చెప్పినా కోకే కావాలనేవాళ్లు ఉంటారు. వాళ్ల కోసం ఒక చవక బాటిల్ విడిగా పెట్టండి.