చూపు పోతేనే రేటు

పాత పట్టు మీది కుట్టుపనికి విలువ కట్టడం ఆషామాషీ వ్యవహారం కాదు. పట్టు నాణ్యత, రంగు, వయసు అన్నీ తర్వాతి సంగతులు. ముందుగా తేల్చుకోవాల్సింది కుట్టినవాడు పోయాడా లేదా అని.

పార్సీల గారా చీరనే తీసుకోండి. పంతొమ్మిదో శతాబ్దంలో బొంబాయి పార్సీ వర్తకులు పత్తి, నల్లమందు ఓడలకెత్తి చైనాలోని కాంటన్‌కు తీసుకెళ్లేవారు. వచ్చేటప్పుడు ఇంటి ఆడవాళ్లకు పట్టు మీద కొంగలు, పువ్వులు, వంతెనలు, చీనా మనుషులు కుట్టించి తెచ్చేవారు. అందులో ఓ కుట్టుంది. సూదికి దారం చుట్టి, లాగి, గసగసాల గింజంత ముడి వేయాలి. అలాంటి ముడులతో రేకు మొత్తం నింపాలి. గసగసాల మొక్క నుంచే వచ్చే నల్లమందు సొమ్ముతో కొన్న చీరకు కొలత కూడా గసగసాల్లోనే ఉండటం ఎంత పొందికో!

ఈ ముడులు వేసి వేసి కుట్టేవాళ్లకు చూపు పోయేదని, అందుకే దాన్ని నిషేధించారని అమ్మేవాళ్లు చెబుతారు. పేరు కూడా 'నిషిద్ధ కుట్టు' అనే పెట్టారు. నిషేధించిన కాగితం మాత్రం ఎవరూ చూపరు. అడిగేవాళ్లూ లేరు. ఆ ముక్క చెవిన పడగానే కొనేవారి కళ్లు చెమరుస్తాయి, చెయ్యి పర్సు మీదికి పోతుంది. పోయినవి ఎవరి కళ్లో కాబట్టి బేరం కూడా ఆడరు.

నల్లమందు వ్యాపారం కోసం బ్రిటన్ చైనాతో చేసిన మొదటి నల్లమందు యుద్ధం 1842లో ముగిసింది. ఆ వ్యాపారంలో గడించిన బొంబాయి పార్సీ వర్తకుడు జంషెట్జీ జీజీభాయ్‌కి అదే ఏడు బ్రిటన్ నుంచి నైట్ (సర్) బిరుదు వచ్చింది. ముడులు వేసినవాడి పేరు చీర చెంగున వెతికినా దొరకదు. ఒకందుకు మంచిదే. పేరుంటే కూలి ఎంతిచ్చారని ఎవరైనా అడగగలరు.

మన మగ్గం వర్క్ కుర్రాడి తప్పల్లా ఇంకా బతికుండటమే. పాతబస్తీలో, చట్రానికి బిగించిన జాకెట్ గుడ్డ మీద నడుం వంచి, ట్యూబ్‌లైటు కింద ఆరీ సూదితో జర్దోసీ కుడుతుంటాడు. గారా చీర ముందు చేతులు జోడించిన మనమే అతనితో, "ఏందన్నా, గింత రేటా? పక్క షాపుల కంప్యూటర్ వర్క్ సగానికే ఇస్తున్రు. శుక్రవారం పెండ్లి, గురువారం పొద్దుగాల్నే కావాలె" అంటాం.

కాబట్టి నాదొక ప్రతిపాదన. ఇకనుంచి ప్రతి జాకెట్ బిల్లుకూ కుట్టినవాడి కంటి డాక్టరు చీటీ పిన్ను కొట్టి ఇవ్వాలి. అద్దాలొస్తే ఒక రేటు, ఆపరేషనైతే ఇంకో రేటు. పూర్తిగా పోతే వేలంపాట. జీఎస్టీ అదనం.