డబ్బా మీద కార్టూన్ వేస్తే పిల్లలు ఏదైనా తినేస్తారా?

"ప్యాకెట్‌ని ఆటవస్తువుగా మార్చండి, మీ పిల్లలు ఏం పెట్టినా తింటారు" అనే పోస్టు ఒకటి తెగ షేర్ అవుతోంది. అందులో మూడు చిట్కాలున్నాయి. కార్టూన్ వేయండి, లోపల చిన్న బొమ్మ పెట్టండి, క్యూఆర్ కోడ్‌తో గేమ్ ఇవ్వండి. ఇక ఆడుకునే డబ్బాను ఎవరూ పారేయరు కాబట్టి చెత్త కూడా తగ్గుతుందట. పిల్లల తిండి డబ్బాలు డిజైన్ చేయడమే నా పని. వాటిలో ఆట ఉండాలని గట్టిగా కోరుకునేవాణ్ణి కాబట్టే ఇది రాస్తున్నాను.

ముందు కార్టూన్ సంగతి. 2010లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్య పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలు 40 మందికి ఒకే తిండిని రెండు ప్యాకెట్లలో ఇచ్చారు. ఒకదాని మీద కార్టూన్ ఉంది, రెండోదాని మీద లేదు. కార్టూన్ ఉన్నదే రుచిగా ఉందని ఎక్కువమంది పిల్లలు చెప్పారు. ఇక్కడిదాకా పోస్టు మాట నిజమే. కానీ ఆ ప్రభావం బిస్కెట్లు, గమ్మీల (జెల్లీ మిఠాయిల) దగ్గర గట్టిగా కనిపించి, క్యారెట్ల దగ్గరకొచ్చేసరికి బలహీనపడింది. "ఏం పెట్టినా తింటారు" అన్న మాట అక్కడే తేలిపోయింది. కార్టూన్ పిల్లల్ని తీపి వైపు లాగినంత సులువుగా కూరగాయల వైపు లాగలేదు. చక్కెర, ఉప్పు లాంటివి మోతాదు మించిన ప్యాకెట్ల మీద పిల్లల్ని ఆకట్టుకునే బొమ్మలు వేయకూడదని చిలీ 2016లోనే నిబంధన అమల్లోకి తెచ్చింది.

లోపల బొమ్మ పెట్టమనడం నాకు నిజంగా భయం పుట్టించింది. మూడేళ్ల లోపు పిల్లల ఆటవస్తువులకు అమెరికాలో ఒక పరీక్ష ఉంది. 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న చిన్న గొట్టంలో పూర్తిగా ఇమిడిపోయే వస్తువును ఆ వయసు పిల్లలకు అమ్మకూడదు, గొంతుకు అడ్డం పడుతుందని. ప్యాకెట్లలో వచ్చే బొమ్మలు చాలావరకు ఆ సైజువే. పైగా తిండీ బొమ్మా ఒకే గుప్పెట్లో ఉంటే చిన్నపిల్లలు రెండూ నోట్లో పెట్టుకుంటారు. తినడానికి పనికిరాని వస్తువును మిఠాయి లోపల దాచకూడదని అమెరికాలో 1938 నాటి చట్టం ఉంది. లోపల బొమ్మ దాచిన చాక్లెట్ గుడ్డు, మామూలు కిండర్ సర్‌ప్రైజ్‌ను అక్కడ అమ్మనివ్వకపోవడానికి కారణం అదే.

క్యూఆర్ కోడ్ గురించి ఒక్క మాట చాలు. ఫోన్ చేతికొచ్చాక పిల్లలకు డబ్బా గుర్తుండదు, తిండీ గుర్తుండదు.

మరి ఆట ఎక్కడుంది? ఒకసారి డమ్మీ డబ్బా (ఖాళీ నమూనా) ఒకటి ఐదేళ్ల పాప చేతికిచ్చి పక్కన కూర్చున్నాను. వెనక వైపు దారి కనుక్కునే పజిల్ వేయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. పాప దానివైపు చూడనే లేదు. మూత అంచున నాలుకలా ఉండే మడతను చీలికలో దూర్చింది, టప్‌మంది. లాగింది, మళ్లీ దూర్చింది. ఆ చప్పుడు కోసమే పది పన్నెండుసార్లు చేసింది. తర్వాతి డమ్మీలో పజిల్ తీసేసి, మూతనే కప్ప నోరుగా మార్చాను. తెరిస్తే నోరు తెరుస్తుంది, మూస్తే టప్‌మంటుంది. అదనంగా ఏదీ అతికించలేదు, అట్టలోనే ఇంకో కోత, ఇంకో మడత.

చెత్త విషయంలోనూ ఆ కోతే మేలు. ఎంత ముచ్చటైన డబ్బా అయినా కొన్నాళ్లకు చెత్తబుట్టకే చేరుతుంది. దానికి ప్లాస్టిక్ కిటికీ, మెరిసే పొర, అయస్కాంతం అతికించి ఉంటే వాటిని విడదీయడం కష్టం, రీసైక్లింగ్‌కి అడ్డం. కప్ప డబ్బా అయితే విప్పి పరిస్తే ఒక్క అట్టముక్క, అంతే.