ప్రధాన వృత్తి కావలెను

మా విజయనగరంలో పత్రికలకు బయటి నుంచి రాసే మాబోటి వాళ్లందరికీ ఈమధ్య ఒక ఫారం వచ్చింది. ఏ పత్రిక పంపిందో చెప్పను. అందులోని సారాంశం ఇది: 'పత్రికకు రాయడం నా అభిరుచి మాత్రమే. నా జీవనాధారం వేరే ఉంది. యాజమాన్యం నుంచి నేను ఏమీ ఆశించను.' కింద ఒక గడి. దాని పేరు ప్రధాన వృత్తి. ఖాళీగా వదిలేస్తే చెల్లదట.

యాజమాన్యం వారికి ముందుగా నమస్కారం. ఇంటి అద్దె ఎలా కట్టాలా అని ఇన్నాళ్లూ టెన్షన్ పడ్డాను. నాకు ఎక్కడో ఒక జీవనాధారం ఉందని, దాన్ని నేనే పట్టించుకోలేదని వారు చెప్పాకే తెలిసింది.

ఈ గడి వెనక కథ చాలామందికి తెలిసిందే. రాయడమే ప్రధాన వృత్తిగా పత్రిక కొలువులో ఉన్నవాడు, ఫుల్ టైమైనా పార్ట్ టైమైనా, వర్కింగ్ జర్నలిస్టే అని 1955 నాటి చట్టం చెప్పింది. అలాంటివాడికి జీతం ఎంతివ్వాలో చెప్పే మజీఠియా వేతన బోర్డు సిఫార్సులు 2011లో నోటిఫై అయ్యాయి. 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అవి చెల్లుతాయంది. ఇప్పుడు ఆ పాత చట్టాన్ని కొత్త లేబర్ కోడ్‌లలో కలిపేశారు. అయినా గడి మాత్రం గడిలాగే ఉంది. 'రాతే నా వృత్తి' అని ఎవడూ సంతకం పెట్టకుండా చూసుకుంటే చాలు, ఏ చట్టమైనా ఒకటే.

గురజాడ వారికి ఈ ఫారం వస్తే క్షణంలో నింపేసేవారు. కాలేజీలో పాఠాలు చెప్పారు, సంస్థానంలో కొలువు చేశారు. కథకుడు కాళీపట్నం రామారావు గారికి, అదే మన కారా మాస్టారికైతే ఇబ్బందే లేదు, పేరులోనే ఉద్యోగం ఉంది. లెక్కలు చెప్పి బతికారు, కథలు రాశారు, అవార్డుల డబ్బు తెచ్చి శ్రీకాకుళంలో కథల గ్రంథాలయం కథానిలయంలో పెట్టారు. ఇంత ఘనచరిత్ర ఉన్న ప్రాంతంలో నేనొక్కడినే నాటకాల మీద, తప్పెటగుళ్ల మీద రాసి బతుకుదామనుకున్నాను. పొగరు కాకపోతే ఏమిటి?

సరే, గడి నింపాలి. గంటస్తంభం దగ్గర టీ కొట్టులో సభ తీర్చాం. మండలాల నుంచి కంట్రిబ్యూటర్లు, అంటే జీతం లేకుండా వార్తలు పంపే విలేకరులు, ఫారాలు పట్టుకుని వచ్చారు. గజపతినగరం ఆయన అప్పటికే 'వ్యవసాయం' అని రాసేశాడు. భూమి ఎంతుందని అడిగితే, పెరట్లో మునగచెట్టుందన్నాడు. నెల్లిమర్ల కుర్రాడు 'పాడి' అని రాశాడు. గేదె అత్తగారిది, ఉన్నది బొండపల్లిలో. చీపురుపల్లి పెద్దాయన 'రియల్ ఎస్టేట్' అని రాసి, తను ఉండేది అద్దింట్లోనని చెప్పి తనే నవ్వాడు. ఆ ఫారాలన్నీ హెడ్డాఫీసుకు చేరితే, విజయనగరం జిల్లాలో ఇంత సంపద ఉందా అని వాళ్లే ఆశ్చర్యపోతారు.

నా వంతు వచ్చింది. 'కళా విమర్శ అని రాస్తే?' అన్నాను.

'అది హాబీ కదేటి గురూ! కడుపుకి ఏటి సేత్తావో అది రాయి.'

'మా ఆవిడ టీచరు.'

సభ కాసేపు ఆలోచించింది. భార్య ఉద్యోగాన్ని భర్త ప్రధాన వృత్తిగా రాయొచ్చా? డెస్కుకు ఫోన్ చేశాం. 'ఏదో ఒకటి రాసి పంపండి గురువుగారూ, ఇవాళే పంపాలి' అన్నాడు సబ్ ఎడిటర్. పాపం, అతని గొంతులో కూడా ఏదో ఒక ఫారం మీద సంతకం పెట్టినవాడి నీరసం ఉంది.

అప్పటిదాకా గ్లాసులు కడుగుతూ వింటున్న టీ కొట్టు యజమాని అడిగాడు. 'బావూ, నేనూ టీ కాయడం నా హాబీ అని రాసిస్తే పాలోడు డబ్బులడగడం మానేత్తాడా?' ఎవరి దగ్గరా సమాధానం లేదు. టీ డబ్బులు మాత్రం తీసుకున్నాడు. వృత్తి అంటే అదీ!

నా అభిరుచి ఎలా సాగుతుందో ఒక్క ముక్క చెబుతాను. బొబ్బిలి దగ్గర గొల్లపల్లి వెళ్లి, ఒకే పనస దుంగను తొలిచి వీణ చేసేవాళ్ల దగ్గర ఒక రోజంతా కూర్చుని వ్యాసం రాశాను. చివరి నిమిషంలో నగల దుకాణం ప్రకటన వచ్చింది. వ్యాసంలో వీణ మిగిలింది, చేసిన మనుషులు ఎగిరిపోయారు. లైన్ అకౌంట్ పేరుతో మాకిచ్చే డబ్బు లెక్క సెంటీమీటర్లలో కదా, అచ్చయినదానికే డబ్బులు. రానూపోనూ బస్సు చార్జీలకు సరిపోయాయి. పత్రిక లెక్క తప్పదు.

నా సంగతి పోనీయండి. వీణ మీద రాయకపోతే ఎవరి ప్రాణమూ పోదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు, కూలిన కొబ్బరి చెట్ల మీద నుంచి దాటుకుంటూ, కరెంటు లేక, సిగ్నల్ లేక, ఎక్కడో ఫోన్ చార్జింగ్ పెట్టుకుని వార్త పంపినవాడిది అభిరుచా? కవిటి, సోంపేట పల్లెల్లో కిడ్నీ రోగుల ఇళ్లకు సొంత పెట్రోలు పోసుకుని ఏళ్ల తరబడి తిరిగి, ఆ జబ్బు సంగతి రాష్ట్రానికి వినిపించినవాడు ఖాళీ ఉండి తిరిగాడా? వాళ్ల ఫొటోలు, వాళ్ల వార్తలు మొదటి పేజీలో వేసుకున్నారు. అప్పుడు 'మా ప్రతినిధి' అని వేశారే! డబ్బు దగ్గరికొచ్చేసరికి ఎవరి ప్రతినిధీ కాడా?

ఇక యాడ్ టార్గెట్, అంటే కంట్రిబ్యూటరే ప్రకటనలు తెచ్చి వసూలు చేయాల్సిన మొత్తం. అభిరుచికి టార్గెట్ పెట్టే దేశం ఇదొక్కటేనేమో. దసరాకి ఇంత, సంక్రాంతికి ఇంత, ఎమ్మెల్యేగారి పుట్టినరోజుకి ఇంత. సిరిమానోత్సవం నాడు ఊరంతా పైడితల్లి అమ్మవారి దగ్గరుంటే, మా కంట్రిబ్యూటర్ శుభాకాంక్షల ప్రకటనల బాకీలు వసూలు చేస్తూ కాంట్రాక్టర్ ఇంటి ముందు నిలబడి ఉంటాడు. వసూలు కాకపోతే లైన్ అకౌంట్లోంచి కోస్తారు. మర్నాడు అదే కాంట్రాక్టర్ వేసిన రోడ్డు మీద వార్త రాయాలి. ఎలా రాస్తాడు? రాయలేకపోతే 'విలేకరులు అమ్ముడుపోయారు' అని ఊరంతా అంటుంది. వాణ్ణి అమ్మకానికి పెట్టింది ఎవరో ఎవరూ అడగరు. వాడి చేతికి రసీదు పుస్తకం ఇచ్చి పంపినవాళ్లు జర్నలిజం విలువల మీద సంపాదకీయాలు రాసుకుంటారు. సిగ్గు అనేది ఏ గడిలో నింపాలో వాళ్లకు ఎవరైనా ఫారం పంపితే బాగుణ్ణు.

చివరికి నేనూ 'వ్యవసాయం' అనే రాశాను. నిన్న డెస్కు నుంచి మళ్లీ ఫోన్. రుజువు జతచేయాలట. పట్టాదారు పాసుపుస్తకం జిరాక్సు ఒకటి కావాలి. గజపతినగరం వైపు రైతులెవరైనా ఓ పూటకు అద్దెకిస్తే చెప్పండి. అద్దె సెంటీమీటర్ల లెక్కన ఇచ్చుకుంటాను.