బోరు నీళ్లు రుచి చూశాకే బయానా ఇవ్వండి
పిల్లలున్న కుటుంబాలకు సముద్రం దగ్గరి ఊళ్లే మేలని, ధర తక్కువుండగానే స్థలం కొనేయమని ఒకరు రాశారు. మొదటి మాట నూటికి నూరుపాళ్లు నిజం. మేం ఒంగోలు వదిలి కొత్తపట్నం వైపు వచ్చి తొమ్మిదేళ్లయింది. సాయంత్రమైతే మా పిల్లలు ఏ ఇంట్లో ఉన్నారో వెతుక్కోవాలి, ఎక్కడున్నా ఎవరో ఒకరు అన్నం పెట్టే పంపిస్తారు. కొనడంలో మాత్రం తొందర వద్దు. మేం బోరు లోతుగా వేయించి తప్పు చేశాం. ఇక్కడి ఇసుక నేలలో మంచినీళ్లు పైపొరలోనే ఉంటాయి, లోతుకు పోయేకొద్దీ, ఎక్కువ తోడేకొద్దీ ఉప్పు తగులుతుంది. మొదటి వేసవికే పప్పు ఉడకలేదు, కుళాయిల చుట్టూ తెల్లగా పొర కట్టింది. పక్కింటి పెద్దాయన చెబితే తక్కువ లోతులో ఇంకోటి వేయించుకున్నాం. కట్టిన ఇల్లు కొనేవాళ్లు ఏ ఇసుక వాడారో తప్పకుండా అడగండి. సముద్రపు ఇసుకైతే చువ్వలు తుప్పు పట్టి శ్లాబు పెచ్చులూడుతుంది. సముద్రపు పోటు నీళ్లు చేరే గీత నుంచి 500 మీటర్ల లోపు తీరంలో కట్టడాలను అదుపు చేసే సీఆర్‌జెడ్ నిబంధనలుంటాయి. స్థలం సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో ఉందేమో కూడా చూసుకోవాలి. ఇంకో మాట, స్థలాన్ని ఎండాకాలంలో చూసి మురిసిపోకండి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా వీధి చివరి ప్లాట్లలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. నవంబరు వానల్లో ఒకసారి వచ్చి చూడండి.